సాతంరాయి: పందిళ్లు పోయి కడీలు మిగిలిన నేల

ఆరాంఘర్ దాటి బెంగళూరు దారి పట్టగానే గగన్‌పహాడ్ గుట్టలు, ఆ తర్వాత సాతంరాయి, ఆ తర్వాత శంషాబాద్. విమానం అందుకోవాలన్న తొందరలో ఉన్నవాళ్లకు సాతంరాయి అంటే ఒక బోర్డు. అదీ చదివేలోపే వెనకబడిపోతుంది. నేను మాత్రం ఆ ఊరి పక్కన ఒక వెంచర్‌లో ప్లాటు నంబరు రాసిన రాతి కడీ ముందు అరగంట నిలబడిపోయాను. తల మీద ఇనుప తీగ కూర్చోడానికి ఉలితో కొట్టిన గాడి. గాడి కింద నీలమూ ఆకుపచ్చా కాని మరక. ఆ మరక మీదే తెల్ల పెయింటుతో అంకె. మైలుతుత్తం మరకని ఒకసారి చూసినవాడు మర్చిపోడు. అది ద్రాక్షతోట కడీ.

"తోటదే సార్ గిది," అన్నాడు కాపలా పెద్దాయన. "తోట దీసేసినంక కడీకింత అని లెక్కగట్టి అమ్మిండ్రు. గీడివి గీడనే పాతిండ్రు మళ్ల."

ఇప్పటి పిల్లలకు చెబితే నమ్మరు గానీ, హైదరాబాద్ చుట్టూ రాజేంద్రనగర్, శంషాబాద్, మేడ్చల్ దిక్కంతా ఒకప్పుడు ద్రాక్ష పందిళ్లే. ఆ ద్రాక్ష పేరు అనాబ్-ఎ-షాహీ, అంటే రాజద్రాక్ష. హైదరాబాద్‌లో అబ్దుల్ బాకర్ ఖాన్ అనే ఆయన చేతుల మీదుగా వ్యాపించింది. గింజ ఉంటుంది, తోలు పలచన, పండితే లేత తేనె రంగు. గుత్తి చేతిలోకి తీసుకుంటే మణికట్టు వంగుతుంది. రాజేంద్రనగర్‌లో ద్రాక్ష పరిశోధన స్థానం పెట్టారంటే ఆ పంట ఈ ప్రాంతానికి ఎంత ముఖ్యమో తెలుస్తుంది.

మా మేనమామకు ఆ దిక్కునే చిన్న తోట ఉండేది. వరసగా రాతి కడీలు, వాటి మీద అడ్డం నిలువు జీఐ తీగలు, ఆ తీగల మీద ఆకుల కప్పు. మామ పొడుగు మనిషి. ఏళ్ల తరబడి పందిరి కింద మెడ వంచి నడిచీ నడిచీ రోడ్డు మీద కూడా అలాగే నడిచేవాడు. ఏడాదికి రెండు కత్తిరింపులు. వేసవిలో పుల్ల ముదరడానికి ఒకటి, అక్టోబర్‌లో కాపు కోసం ఇంకొకటి. అక్టోబర్ కత్తిరింపు అయ్యాక వాన పడితే ఇంట్లో ఎవరూ మాట్లాడేవారు కాదు. బూజు తెగులు వస్తుందేమోనని భయం. దానికి మందు మైలుతుత్తం, సున్నం కలిపిన బోర్డో మిశ్రమం. ఫ్రాన్సులో బోర్డో ద్రాక్షతోటల దగ్గర పుట్టిన మందుకు ఆ ఊరి పేరే నిలిచింది. మా అత్తమ్మ మాత్రం దాన్ని 'నీలం నీళ్లు' అనేది. కడీ మీదున్న మరక ఆ నీళ్లదే. ఫిబ్రవరి నుంచి కోత. మాకు అదే పరీక్షల కాలం, అందుకే నాకు లెక్కల పుస్తకం వాసనా ద్రాక్ష వాసనా ఒకటే.

తర్వాత బోర్లు ఎండాయి. నాసిక్, సాంగ్లీల గింజలేని ద్రాక్ష మార్కెట్‌ను పట్టేసింది. కాయ ధరకన్నా గజం ధర ముందుకు ఉరికింది. మామ తోట తీసేసింది కూడా అప్పుడే.

ఈ నేల మీద హక్కు చెప్పుకునేవాళ్లు కొత్తగా పుట్టలేదు. శంషాబాద్ పేరే షమ్స్-ఉల్-ఉమ్రా బిరుదు నుంచి వచ్చింది. నిజాంలకు అశ్వికదళం నిలబెట్టిన పాయిగా నవాబుల బిరుదు అది. 1798లో నిజాం ఫ్రెంచి దళాలను రద్దుచేసి ఇంగ్లీషు కంపెనీ సైన్యాన్ని పోషించడానికి ఒప్పుకున్నాడు. దానితోపాటు పోషించాల్సి వచ్చిన హైదరాబాద్ కంటింజెంట్ సైన్యం బాకీ కింద 1853లో బేరార్ చేజారింది. పాయిగాల జాగీర్లు మాత్రం 1949 జాగీర్ల రద్దు దాకా నిలిచాయి. కాగితం మీద రద్దయినా ఆ భూముల చిక్కుముడులు విడిపోలేదు. పట్టా ఏది, ఇనాం ఏది, వక్ఫ్ ఏది అని కోర్టుల చుట్టూ తిరిగేవాళ్లు ఇక్కడ ఇంకా ఉన్నారు. మామిడిపల్లి వైపు పహాడీ షరీఫ్ దర్గా భూముల తగాదా అలాంటిదే. ఇక విమాన రాజకీయం కూడా ఈ సంస్థానానికి పాతదే. 1948లో సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా పైలట్ కరాచీ నుంచి నిజాంకు ఆయుధాలు మోశాడు. హైదరాబాద్ గోడు భద్రతా మండలి దాకా వెళ్లింది. సెప్టెంబర్ 17న నిజాం లొంగిపోవడంతో అదంతా ముగిసింది.

కొత్త విమానాశ్రయానికి నాదర్‌గుల్, బొంగ్లూరు, శంషాబాద్ పోటీపడ్డాయి. రెండు రహదారులు, ఉందానగర్ రైల్వే స్టేషను దగ్గరగా ఉండటంతో శంషాబాద్‌కు ఓటు పడింది. దాదాపు 5,500 ఎకరాలు తీసుకున్నారు. 2005 మార్చిలో శంకుస్థాపన, 2008 మార్చి 23న పాత బేగంపేట విమానాశ్రయంలో ప్రయాణికుల విమానాలకు తాళం, ఇక్కడ తొలి విమానం. వాటాల్లో రాజాం నుంచి ఎదిగిన జీఎంఆర్‌కు 63 శాతం, మలేషియా ఎయిర్‌పోర్ట్స్‌కు 11, రాష్ట్రానికీ కేంద్ర సంస్థకూ చెరో 13. మలేషియా వాళ్లు తర్వాత తమ వాటాను జీఎంఆర్‌కే అమ్ముకున్నారు. ఒప్పందంలో 150 కిలోమీటర్ల లోపు ఇంకో విమానాశ్రయం రాకూడదన్న షరతు ఉంది. వరంగల్ మామునూరు ఏళ్ల తరబడి ఆగింది అందుకే.

ఇక్కడొక పిట్టకథ చెప్పాలి. ఇదే జీఎంఆర్, మలేషియా ఎయిర్‌పోర్ట్స్ కలిసి 2010లో మాల్దీవుల మాలే విమానాశ్రయాన్ని చేపట్టాయి. 2012లో అక్కడి ప్రభుత్వం ఆ ఒప్పందాన్ని రద్దు చేసింది. మా ఆస్తి పరాయివాళ్ల చేతుల్లోకి పోయిందని అక్కడ గొడవ. ఆ పరాయివాళ్లు మనవాళ్లే! చివరికి మధ్యవర్తిత్వంలో మాల్దీవులు 27 కోట్ల డాలర్లు కట్టాల్సి వచ్చింది.

భూమి ఒకటైతే నీళ్లు రెండోది. 1908 మూసీ వరద తర్వాత కట్టిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌లను కాపాడటానికి 1996 మార్చి 8న నిర్మాణాల మీద ఆంక్షలతో 111 జీవో వచ్చింది. దాని కిందికి వచ్చిన 84 ఊళ్లలో శంషాబాద్ మండలంలోనివి చాలా ఉన్నాయి. ఇదే మండలంలోని పెద్దషాపూర్‌లో ఆముదం నూనె పరిశ్రమ పెడతామంటే వ్యవహారం సుప్రీంకోర్టుకు వెళ్లింది. జస్టిస్ మామిడన్న జగన్నాథరావు ఇచ్చిన ఆ తీర్పును పర్యావరణ న్యాయం చదివే ప్రతి విద్యార్థీ చదువుతాడు. 2022 ఏప్రిల్‌లో ప్రభుత్వం 69 జీవోతో ఆ ఆంక్షలు ఎత్తేసింది. ప్లాటు కొన్నవాళ్లు మిఠాయిలు పంచారు. నాకు ఆ మిఠాయి సహించలేదు. ఎందుకంటే 2020 అక్టోబర్ వానకు గగన్‌పహాడ్ అప్పచెరువు తెగి హైవే మీదికి వచ్చింది. మనుషులు కొట్టుకుపోయారు.

పేరు గొడవ కూడా ఒకటుంది. 2014 నవంబర్‌లో కేంద్రం ఇక్కడి విమానాశ్రయం దేశీయ టెర్మినల్‌కు ఎన్టీఆర్ పేరు పెడితే తెలంగాణ శాసనసభ వద్దని తీర్మానించింది. సాతంరాయి పేరు మీద ఎవరూ కొట్లాడలేదు. మెట్రో రెండో దశ ప్రతిపాదనలో స్టేషనుగా ఆ పేరు కనిపిస్తోంది.

చూడాల్సినవి: నర్కూడ దగ్గర అమ్మపల్లి రామాలయం, ఎత్తైన గోపురం, ముందు కోనేరు. సినిమా షూటింగులు ఎక్కువ. ముచ్చింతల్‌లో 216 అడుగుల రామానుజుల విగ్రహం, 2022లో ఆవిష్కరించారు. ముక్కలుగా చైనాలో పోతపోసి తెచ్చి ఇక్కడ అతికారు.

సాతంరాయికి వెళ్లాలంటే విమానాశ్రయం బస్సు ఎక్కవద్దు. శంషాబాద్ వెళ్లే మామూలు సిటీ బస్సు ఎక్కి, కండక్టర్‌కు ముందే చెప్పి పెట్టుకోవాలి.