మాచ్‌ఖండ్ చలిలో ఒక రాత్రి

మా నాన్నగారు మాచ్‌ఖండ్ జల విద్యుత్ కేంద్రంలో ఉద్యోగం చేసేవారు. నా చిన్నతనమంతా ఆ కాలనీలోనే గడిచింది. కోరాపుట్ జిల్లా ఒడిశాలో ఉన్నా, మా కాలనీలో గడప దాటితే తెలుగే వినిపించేది. ఆంధ్ర, ఒడిశా రాష్ట్రాల ఉమ్మడి ప్రాజెక్టు అది. 1955లో అప్పటి రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ గారు ప్రారంభించారు. ఎక్కడెక్కడి నుంచో పనికి వచ్చిన తెలుగు కుటుంబాలు అక్కడే స్థిరపడ్డాయి.

పెళ్ళయి అమెరికా వచ్చాక మాచ్‌ఖండ్ వెళ్ళడం పడలేదు. ఆమధ్య సంక్రాంతికి ఇండియా వెళ్ళినప్పుడు అమ్మ, "ఒక్కసారి ఆ కాలనీ చూసి రావాలే" అంది. తమ్ముడికి ఒక పెద్ద వ్యాను ఉంది. వెనక సీట్లు తీయించి, చెక్క పలకల మీద పరుపు వేయించి, చిన్న గ్యాసు పొయ్యి కూడా పెట్టించుకున్నాడు. "మీ అమెరికా ఆర్వీకి ఇదేం తీసిపోదక్కా" అని వాడి గర్వం. అమ్మ, నేను, తమ్ముడు, మరదలు, పదేళ్ళ మేనల్లుడు బయల్దేరాం.

విశాఖపట్నం నుంచి పాడేరు ఘాట్ ఎక్కి, పెదబయలు, ముంచంగిపుట్టు మీదుగా జోలాపుట్ డ్యాం వైపు సాగాం. దారి పొడవునా వలిసెల పూలు అయిపోయిన పొలాలు, కాఫీ తోటలు, మధ్యాహ్నానికి గాని విడని మంచు. అవతలి ఒడ్డున ఒనకడిల్లీ. గురువారం సంతకు కొండల మీంచి బోండా స్త్రీలు పూసల దండలతో దిగి వస్తారు. ఆ ఊరి పేరు విని మేనల్లుడు "మనం ఢిల్లీ వచ్చేశామా?" అని నవ్వించాడు.

ఆ రాత్రికి నాన్నగారి పాత స్నేహితుల ఇంటి పెరట్లో వ్యాను ఆపాం. వాళ్ళది చిన్న ఇల్లు. అమ్మ లోపల పడుకుంది, మేం నలుగురం వ్యానులో. చీకటి పడగానే చలి మొదలైంది. కోరాపుట్ పీఠభూమి సముద్ర మట్టానికి సుమారు 3,000 అడుగుల ఎత్తు. సంక్రాంతి రోజుల్లో అక్కడి చలి దుప్పట్లకు లొంగేది కాదు. వ్యాను రేకు మంచుగడ్డలా అయింది.

పెరట్లో వేసిన నెగడు చల్లారుతుంటే తమ్ముడు ఎర్రటి నిప్పులు ఒక ఇనప మూకుడులోకి ఎత్తి వ్యానులో పెట్టాడు. "పొగ లేదు, వట్టి నిప్పులే" అన్నాడు. అద్దాలన్నీ బిగించేశాం. పది నిమిషాల్లో హాయిగా వెచ్చబడింది. అందరం నిద్రపోయాం.

రాత్రి ఒంటిగంట ప్రాంతంలో మేనల్లుడు "అత్తా, తలనొప్పి" అని లేచాడు. ఘాట్ రోడ్డు మలుపుల వల్లేమో, పడుకోరా అన్నాను. నాకూ కణతలు పగిలిపోతున్నాయి. వాడికి వాంతి వస్తుంటే తలుపు లాగి కిందికి దిగబోయి, కాళ్ళు తేలిపోయి పడ్డాడు. వాణ్ణి పట్టుకుందామని లేస్తే నా మోకాళ్ళలోనూ సత్తువ లేదు. తమ్ముణ్ణి, మరదల్ని ఎంత కుదిపినా వెంటనే కళ్ళు తెరవలేదు. అప్పటికి గాని విషయం నాకు అర్థం కాలేదు. తలుపులన్నీ తెరిచి, ఇద్దర్నీ బయటికి లాగి, ఆ మూకుడు దూరంగా తోశాను.

చప్పుడుకి అమ్మ లేచి వచ్చింది. మూకుడు చూసి, "ఏటిరా ఇది? మీ నాన్న బతికుంటే నిన్ను చీపురుతో కొట్టును" అని ఏడ్చేసింది. బయటి గాలిలో కాసేపటికి అందరూ తేరుకున్నారు. తెల్లారాక డాక్టరుకి చూపించాం. నిజానికి తెల్లారేదాకా ఆగకూడదు. అలా తల తిరిగి పడిపోయిన వాళ్ళను వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళి, మూసిన చోట నిప్పులు పెట్టుకున్న సంగతి డాక్టరుకి ముందే చెప్పాలి. ఆక్సిజన్ పెట్టడమే దానికి మొదటి వైద్యం.

నిప్పు ఎర్రగా, పొగ లేకుండా కాలుతున్నా కార్బన్ మోనాక్సైడ్ వస్తూనే ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ని ప్రాణవాయువు కంటే రెండు వందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. ఊపిరి ఆడుతూనే ఉంటుంది గాని, ఒంటికి ప్రాణవాయువు అందదు. తలనొప్పి, వికారం, మగత. జ్వరం లేని ఫ్లూ అనుకుని మళ్ళీ పడుకుంటాం. ఫ్రెంచి రచయిత ఎమిలీ జోలా 1902లో పారిస్‌లో సొంత పడకగదిలోనే ఇలా పోయాడు. పొగగొట్టం మూసుకుపోవడమే కారణం. ఉత్తరాదిలో గదిలో అంగీఠీ పెట్టుకుని నిద్రపోయి కన్నుమూసిన కుటుంబాల వార్తలు చలికాలం వస్తే చాలు, పేపర్లో చూస్తూనే ఉంటాం.

అమ్మకి ఈ శాస్త్రం తెలియదు. కాని మా కాలనీ ఇంట్లో కుంపటి వాకిట్లోనే రాజేసేది. నిప్పులు బాగా రాజుకున్నాక వరండాలో పెట్టి మా బట్టలు వెచ్చబెట్టేది. మేం పడుకునే ముందు కుంపటి బయటికి పోవలసిందే. వంటింటి పై కిటికీ ఎంత చలైనా మూయనిచ్చేది కాదు.

రెండో రాత్రి అమ్మ మాట ప్రకారం నడిచాం. వ్యానులో నిప్పన్నది లేదు. పరుపు కింద పాత గోనెలు, దుప్పట్లు మడిచి వేశాం, ఎందుకంటే సగం చలి కింద నుంచే వస్తుంది. మూత గట్టిగా ఉన్న స్టీలు సీసాల్లో వేడినీళ్ళు పోసి, తువ్వాలు చుట్టి కాళ్ళ దగ్గర పెట్టుకున్నాం. తలకు మఫ్లరు, కాళ్ళకు ఉన్ని మేజోళ్ళు. రెండు వైపులా అద్దాలు వేలెడు మేర దించాం. గాలి ఆడితే చలి పెరుగుతుందని తమ్ముడు గొణిగాడు. కాని మొదటి రాత్రి మా ఊపిరి తేమ రేకుకి పట్టి, దుప్పట్లు చెమ్మగిల్లాయి. రెండో రాత్రి అవి పొడిగా ఉన్నాయి. పొడి దుప్పటే వెచ్చన.

మన వాళ్ళు చాలామంది ఇప్పుడు సెలవులకు ఆర్వీలు తీసుకుని మంచు ప్రాంతాలకు పోతున్నారు కనుక నాలుగు మాటలు చెప్పాలి. వంట పొయ్యిని హీటరుగా వాడకండి. వంట చేస్తున్నంతసేపూ కిటికీ, పై కప్పు గవాక్షం రెండూ తెరిచి ఉంచండి. బొగ్గుల గ్రిల్లు ఆరిపోయినట్టు కనిపించినా లోపలికి తేవద్దు. అద్దం కాస్త దించాం కదా అని నిప్పులు పెట్టుకోవడమూ ప్రమాదమే. ఇంజను నడుపుతూ పడుకోవద్దు. పొగగొట్టం చుట్టూ మంచు పేరుకుంటే ఆ పొగ లోపలికే వస్తుంది. హీటరు కావాలంటే, మంటకు గాలిని బయటినుంచే తీసుకుని, పొగను బయటికే వదిలి, వేడి గాలిని మాత్రం లోపలికి పంపే రకం పెట్టించుకోండి. దాని గొట్టాలు ఏటా చూపించండి. అన్నిటికంటే ముందు కార్బన్ మోనాక్సైడ్ అలారం ఒకటి కొనండి. దాని మీద వేసిన గడువు తేదీ దాటితే మార్చేయండి. అది మోగితే ఎందుకని వెతుకుతూ కూర్చోకుండా, పిల్లల్ని తీసుకుని బయటికి నడవండి.

మర్నాడు పొద్దున్నే డుడుమ జలపాతం చూడ్డానికి వెళ్ళాం. 150 మీటర్లకు పైగా ఎత్తు నుంచి నీళ్ళు లోయలోకి దూకుతున్నాయి. మంచు వల్ల సగం వరకే కనిపించాయి, మిగతాదంతా హోరు. నాన్నగారు డ్యూటీకి దిగే లోయ ఎక్కడుందో అమ్మ వేలు పెట్టి చూపించింది. మేనల్లుడు కటకటాల దగ్గర నిలబడి ఆ చల్లటి గాలిని గట్టిగా పీల్చి, నోటి నుంచి ఆవిరి వదులుతూ ఆడుకుంటున్నాడు. అమ్మ వాడి తల మీద చెయ్యి వేసి అలాగే నిలబడిపోయింది.

వెనక్కి వస్తూ ఒనకడిల్లీలో టీ తాగాం. తమ్ముడు ఆ ఇనప మూకుడు స్నేహితుల ఇంట్లోనే వదిలేసి వచ్చాడు. విశాఖపట్నం చేరిన రోజునే నేను వాడి వ్యానుకి ఒక అలారం కొనిపెట్టాను.