ఎడంకాలి ఆట

హంద్రి నది ఎండిపోతే పెద్దవాళ్లకు నీళ్ల కరువు, కర్నూలు పిల్లకాయలకు ఆటస్థలం. ఆ ఇసుకలో అందరివీ వట్టి కాళ్లే. తోలు బంతి లోపలి బ్లాడరుకు గాలి కొట్టి, మూతిని దారంతో బిగించి, పైన లేసు అల్లేవాళ్లం. తలతో కొట్టేటప్పుడు ఆ లేసు వైపు తగిలిందో, నుదుటి మీద అచ్చు రాత్రి దాకా పోయేది కాదు. అప్పుడప్పుడు మా డ్రిల్లు సారు విజిల్ వేసి "ఈ పొద్దు అందరూ ఎడంకాలితోనే కొట్టల్లప్పా" అనేవారు. కుడికాలు తగిలితే ఫౌలు. ఏడుపు ముఖాలు పెడితే "ఇది రహీం సాబు పద్ధతిరా" అనేవారు.

సయ్యద్ అబ్దుల్ రహీం 1909లో హైదరాబాదులో పుట్టారు. ఉస్మానియాలో చదువుతూ ఫుట్‌బాల్ ఆడి, తర్వాత బడిపంతులయ్యారు. 1950లో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టును చేతిలోకి తీసుకుంటే, ఆ జట్టు 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది. కోచ్ అయినా ఆయనలోని పంతులు పోలేదు. రెండోకాలు ఆడని వాళ్ల కోసం ఆ కాలితోనే ఆడే పోటీలు, బంతిని వదలని వాళ్ల కోసం డ్రిబ్లింగ్ నిషేధించిన పోటీలు పెట్టేవారు. తిట్టి దిద్దడం కన్నా ఇదే మేలని ఇప్పటికీ నా నమ్మకం.

1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో, రహీం కోచ్‌గా ఉన్న భారత జట్టులో చాలామంది బూట్లు లేకుండానే దిగారు. యుగోస్లావియా 10-1తో చిత్తు చేసింది. ఆ తర్వాతే బూట్లు తప్పనిసరి అయ్యాయి.

1956 నవంబర్ 1న ఆంధ్ర రాజధాని కర్నూలును వదిలి హైదరాబాదుకు పోయింది. సరిగ్గా నెలకు, డిసెంబర్ 1న, మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో రహీం శిష్యులు ఆస్ట్రేలియాను 4-2తో ఓడించారు. నెవిల్ డిసౌజావే మూడు గోల్సు. చివరికి నాలుగో స్థానం దక్కింది. రాజధాని పోయిన కడుపుమంటలో మా ఊరికి ఆ గోల్సు ఏం పట్టాయి గానీ, సారు మాత్రం ఆ రెండు తేదీలనూ ఒకే ఊపిరిలో చెప్పేవారు.

1962లో ఏషియన్ గేమ్స్‌కు జకార్తా వెళ్లేనాటికే రహీం సాబును క్యాన్సర్ పట్టుకుంది. ఫైనల్లో తలకు కుట్లున్న డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను ముందు వరసలో ఆడించారు. జర్నైల్ గోల్ కొట్టాడు కూడా. దక్షిణ కొరియా మీద 2-1. తొమ్మిది నెలలకు, 1963 జూన్ 11న, సాబు పోయారు. ఏషియన్ గేమ్స్‌ ఫుట్‌బాల్‌లో మనకు మళ్లీ బంగారం రాలేదు. 1970లో ఒక కంచు వచ్చింది. ఆ జట్టు కెప్టెన్ నయీముద్దీన్‌దీ హైదరాబాదే.