పాట వెనుక చిన్న ఫైలు



ఆదివారం ఆరాధనకు ముందు మందిరంలో వినబడే పాటలు ఎక్కడి నుండి వస్తాయని కొందరు అడిగారు. వేదిక ప్రక్కన చెక్కపెట్టెలో అరచేతిలో పట్టే రాస్ప్‌బెర్రీ పై కంప్యూటరు ఉంది. అందులో మ్యూజిక్ ప్లేయర్ డీమన్, అంటే ఎంపీడీ అనే ఉచిత సాఫ్ట్‌వేరు నడుస్తుంది. పేరు విని మన పెద్దమ్మలు కంగారుపడ్డారు గాని, కంప్యూటరు భాషలో డీమన్ అంటే దయ్యం కాదు. కనబడకుండా వెనుక నిలిచి పనిచేసే ప్రోగ్రాము.

అందులో ఉన్నవి కొత్త పాటలే కావు. ఇప్పుడు మన మధ్య లేని పెద్దలు పాడగా క్యాసెట్లలో పట్టి ఉంచినవి కూడా ఉన్నాయి. ఇదంతా చూసుకునే తమ్ముడికి హైదరాబాదులో ఉద్యోగం వచ్చింది. అతను వెళ్లాక ఆ గొంతులు పెట్టెలోనే ఉండిపోకూడదని, మూడు సాయంత్రాలు అతనితో కూర్చుని ఎంపీడీ.కాన్ఫ్ అనే ఫైలును వరుసవరుసగా నేర్చుకున్నాము.

అది మామూలు అక్షరాల ఫైలే. మ్యూజిక్ డైరెక్టరీ అన్న వరుస పాటలు ఏ ఫోల్డరులో ఉన్నాయో చెబుతుంది. దారి సరిగా రాస్తే చాలదు. ఎంపీడీ తన సొంత యూజరు పేరుతో నడుస్తుంది కనుక, ఆ యూజరుకు ఫోల్డరు చదివే అనుమతి కూడా ఉండాలి. లేకపోతే పాటలు ఉన్నా జాబితా ఖాళీగా కనబడుతుంది. ఆడియో అవుట్‌పుట్ అన్న భాగం శబ్దం ఎటు పోవాలో చెబుతుంది. మన ఆంప్లిఫయరు యూఎస్‌బీ సౌండ్ కార్డుకు తగిలించి ఉంది. అక్కడ హెచ్‌డీఎంఐ అని ఉంటే పాట సాగుతున్నట్టే చూపిస్తుంది, స్పీకరు మాత్రం మౌనంగా ఉంటుంది.

మన ఊళ్లో కరెంటు సంగతి మీకు తెలిసిందే. స్టేట్ ఫైలు అన్న వరుస ఉంటే ఏ పాట దగ్గర ఆగిందో ఎంపీడీ గుర్తుపెట్టుకుంటుంది. అయితే కరెంటు తిరిగి రాగానే, ప్రసంగం మధ్యలోనైనా సరే, తనంతట తానే పాట అందుకుంటుంది! అందుకే రిస్టోర్ పాజ్డ్ అన్న చోట యెస్ అని రాయాలి. అప్పుడు మనం చెప్పేవరకు ఆగి ఉంటుంది. ఫోను నుండి పాట మార్చాలంటే బైండ్ టు అడ్రస్ వరుసలో లోకల్‌హోస్ట్ ఒక్కటే ఉండకూడదు. అలా ఉంటే ఆ పెట్టె తన మాట తానే వింటుంది, ఇతరుల మాట వినదు. వైఫైలో ఉన్న ఫోన్లు 6600 పోర్టు ద్వారా దానితో మాట్లాడతాయి. పిల్లలు ఇష్టమొచ్చినట్టు మార్చకుండా పాస్‌వర్డు పెట్టాము.

మమ్మల్ని ఎక్కువగా ఆలోచింపజేసింది హ్యాష్ గుర్తు. దానితో మొదలైన వరుసను ఎంపీడీ పట్టించుకోదు. అది యంత్రం కోసం కాదు, మనిషి కోసం. తమ్ముడు ప్రతి వరుస పైన తెలుగులో ఒక మాట రాశాడు: ఇది ఎందుకు, మారిస్తే ఏమవుతుంది, మార్చాక ఎంపీడీని రీస్టార్ట్ చేయాలి అని. తాను లేనప్పుడు వచ్చేవారిని తలచుకుని రాసిన మాటలవి.

దినవృత్తాంతములు మొదటి గ్రంథము 25వ అధ్యాయంలో మందిర గాయకుల వంతులు రాసి ఉన్నాయి: 24 వంతులు, వంతుకు 12 మంది, మొత్తం 288 మంది. గురువుకూ శిష్యునికీ ఒకే విధంగా చీట్లు వేశారు. పాట ఆగకుండా ఉండాలంటే మంచి గొంతు ఒక్కటే చాలదు. తర్వాతి వంతు ఎవరిదో తెలిసి ఉండాలి, వారికి పని అప్పగించే ఓపిక ఉండాలి.

మన వంతుకు ఇంకా ఇద్దరు కావాలి. చదవడం వస్తే చాలు. శనివారం కూడిక తరువాత ఆగండి, కలిసి కూర్చుందాం. ఫైలు ప్రింటు బీరువాలో పాటల పుస్తకాల ప్రక్కన ఉంది.