గుప్పెడు బియ్యం

అంబేడ్కర్‌ని చదివినదానివి, చుండూరు శిబిరానికి వెళ్ళొచ్చినదానివి, ఇంకా ఆదివారం పూట బైబిలు పట్టుకుని గుడికెందుకు వెళ్తావు? ఈ మాట నన్ను సంఘాల్లో వాళ్ళు అడుగుతారు. ఏసుప్రభువుని నమ్ముకున్నదానివి, ఏప్రిల్ 14న నీలిజెండా పట్టుకుని వీధులెంట తిరగడమేంటి? ఈ మాట గుడిలోవాళ్ళు అడుగుతారు. నలభై ఏళ్ళుగా రెండువైపులా సంజాయిషీ చెప్పుకుంటూనే వచ్చాను. ఇది సంజాయిషీ కాదు. నా విశ్వాసం లెక్క నేనే రాసుకుంటున్నాను.

మాది రాయవరం. గోదావరి కాలవ కింద రెండు పంటలు పండే నేల. 1847లో మొదలెట్టి 1852కి ధవళేశ్వరం ఆనకట్ట కట్టారని, కాటన్ దొర పుణ్యమని బళ్ళో చెప్పారు. ఆ కాలవలు తవ్విన చేతుల్లో మావాళ్ళ చేతులూ ఉన్నాయి. ఆ నీళ్ళు పారిన భూముల పట్టాల్లో మావాళ్ళ పేర్లు లేవు. మా నాన్న కామందు దగ్గర పాలేరు. అమ్మా, మామ్మా ఊడుపులకీ కోతలకీ వెళ్ళేవాళ్ళు.

మామ్మకి అక్షరం ముక్క రాదు. కీర్తనలు మాత్రం చరణాలతో సహా నోటికొచ్చు. నారు తీస్తూ పాడేది, నడుం నొప్పెడితే ఇంకా గట్టిగా పాడేది. పొద్దున్నే ఎసట్లో బియ్యం పోసే ముందు గుప్పెడు తీసి మూలనున్న కుండలో వేసేది. ఆదివారం ఆ కుండ గుడికి వెళ్ళేది. బియ్యం లేనినాడు నూకలు వేసేది. నూకలూ లేనినాడు ఉత్త చెయ్యి కుండ మీద పెట్టి ఏదో గొణుక్కునేది. ఏం చెప్పావే మామ్మా అని అడిగితే, "రేపు ఏత్తాను, రాసుకో అని సెప్పేను" అంది.

ఊళ్ళోవాళ్ళు మాది పాలపిండి మతం అనేవాళ్ళు. ఇప్పటికీ అంటారు. నాకు తెలిసి మామ్మ గుడి దగ్గర తీసుకున్నదానికంటే గుడికి పెట్టిందే ఎక్కువ. పెద్దయ్యాక చరిత్ర చదివితే ఆ మాట ఎంత అబద్ధమో తెలిసింది. కాకినాడలో థామస్ గాబ్రియేలు అనే తెలుగాయన టెలిగ్రాఫు ఉద్యోగం మానుకుని సువార్త చెప్పాడు. ఆయన పిలిస్తేనే కెనడా బాప్తిస్టులు వచ్చారు, 1874లో. ఒంగోలు దిక్కున క్లౌ దొర కరువు పనులు నడిపినంతకాలం, తిండి కోసం వచ్చారంటారని బాప్తిస్మాలు ఆపేశాడు. 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్ళకి దారి చూపినవాళ్ళలో ముందువాడు 1866లో బాప్తిస్మం పొందిన మాదిగ, ఎర్రగుంట్ల పేరయ్య. దొరలు మనకి దేవుణ్ణి తెచ్చారని అందరూ అంటారు. మనవాళ్ళే వెతుక్కుంటూ ఎదురెళ్ళారని ఎవరూ అనరు.

అమ్మ రాత్రిపూట లాంతరు ముందు కూచుని, బైబిలు చెప్పే అమ్మగారి దగ్గర అక్షరాలు దిద్దుకుంది. అమ్మ చదివిన మొదటి పుస్తకం బైబిలు, ఆఖరి పుస్తకమూ అదే. చదివిందాన్ని ఉన్నదున్నట్టు ఒప్పుకునే మనిషి కాదు. ఊరి చెరువులో మా బిందె ముంచనివ్వని రోజులు ఆవిడ చూసింది. వాళ్ళు పైనుంచి పోస్తే కింద పట్టుకోవాలి. అందుకని సమరయ స్త్రీ కథ అంటే ఆవిడకి ప్రాణం. "మన బిందెలో నీళ్ళడిగినోడే, ఆయన" అనేది. అంతకు మించి వేదాంతం చెప్పేది కాదు.

మార్కు సువార్త ఏడో అధ్యాయం దగ్గర మాత్రం ఒకసారి ఆగిపోయింది. అన్యురాలైన తల్లి తన కూతురి జబ్బు బాగుచెయ్యమని వస్తే, పిల్లల రొట్టె కుక్కపిల్లలకి వెయ్యకూడదంటాడు ప్రభువు. కామందు పెరట్లో మిగిలిన కూడు కోసం గిన్నె పట్టుకుని నిలబడ్డవాళ్ళం మేము. ఆ మాట మాకు ఎక్కడ తగులుతుందో వేరే చెప్పక్కర్లేదు. అయ్యగారు ప్రసంగంలో అది ఆవిడ తగ్గింపు అన్నారు, అణకువకి బహుమానం దొరికిందన్నారు. ఇంటికొచ్చాక అమ్మ ఒప్పుకోలేదు.

"తగ్గింపు కాదే. ఆ మాట ఆయనన్నా తప్పే. ఆయమ్మ ఊరుకుందా? తిరిగి మాటాడింది. ఆయన ఇన్నాడు. ఇన్నాడు గనకే దేవుడు. మన కామందు ఏనాడన్నా ఇన్నాడా?"

నా విశ్వాసానికి పునాది ఆ రాత్రి పడింది. దేవుడితో వాదించొచ్చు, వాదిస్తే వింటాడు. ఇది నేను ఏ బైబిలు కాలేజీలోనూ నేర్చుకోలేదు.

1985 జులై 17న కారంచేడులో ఆరుగుర్ని చంపారు. నేను అప్పటికి డిగ్రీ చదువుతున్నాను. ఆ ఆదివారం నేను వెళ్ళిన గుడిలో ఆ ఊరి పేరు ఎవరూ ఎత్తలేదు. ప్రార్థనలో దేశాధినేతలున్నారు, వర్షాలున్నాయి, కారంచేడు లేదు. అప్పట్నించి గుడికి వెళ్ళడం మానేశాను, మూడేళ్ళపైన. అది తప్పని ఆనాడూ అనుకోలేదు, ఇప్పుడూ అనుకోను. ఆ తర్వాత, 1989లో అచ్చయిన అంబేడ్కర్ రచనల ఐదో సంపుటం చేతికొచ్చింది. మతం మారినా కులం మనల్ని వదల్లేదనీ, క్రైస్తవులు తమకి జరిగే అన్యాయం మీద నోరెత్తడం లేదనీ అందులో ఆయన నిలదీశాడు. చదువుతుంటే కోపం రాలేదు. మా అమ్మ వాదన లాగే ఉందనిపించింది.

1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మందిని చంపారు. శిబిరానికి వెళ్ళాను. చనిపోయినవాళ్ళ పేర్లలో ఇస్సాకు, ఇమ్మానుయేలు ఉన్నాయి. మా ఇళ్ళలో రోజూ పిలుచుకునే పేర్లు. ఇమ్మానుయేలంటే దేవుడు మనకు తోడని అర్థం. ఆ పేరు పెట్టుకున్న మనిషి శవాన్ని ముక్కలు చేసి గోతాల్లో కుక్కి కాలవలో పడేసే రోజొస్తే, తోడుగా ఉన్న దేవుడేమయ్యాడు? శిబిరంలో ఒక ముసలావిడ రాత్రంతా ఏడుస్తూ ఎందుకు, ఎందుకు అని అడుగుతూనే ఉంది. తెల్లారాక లేచి, మొహం కడుక్కుని, ఊరేగింపులో ముందు వరసలో నడిచింది. సిలువ మీద ఆయన కూడా ఎందుకనే అడిగాడు. ఆ ప్రశ్నకి పైనుంచి జవాబు రాలేదు. ఆ ముసలావిడని చూశాక జవాబు లేకుండానే ప్రార్థన చెయ్యొచ్చని నాకు తెలిసింది. చుండూరు కేసులో 2007లో ప్రత్యేక కోర్టు శిక్షలేసింది, 2014లో హైకోర్టు కొట్టేసింది. ఆ రెండురోజులూ నా ప్రార్థన ఆ ఒక్క మాటే.

ఇక కాగితం సంగతి. నన్ను బళ్ళో వేసినప్పుడు అమ్మ వచ్చింది. మతమేంటంటే "కిరస్తానం" అని గట్టిగా చెప్పింది. తమ్ముణ్ణి వేసినప్పుడు నాన్న వెళ్ళాడు. పంతులు అడక్కుండానే హిందూ మాల అని రాసేశాడు. అంతే. ఒకే తల్లి బిడ్డలం, ఒకే గుళ్ళో బాప్తిస్మం తీసుకున్నవాళ్ళం, వాడు ఎస్సీ, నేను బీసీ-సి. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులమంటే హిందువులే అంది. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని చేర్చారు. మమ్మల్ని చేర్చలేదు. మాకు మన రాష్ట్రంలో ఒక్క శాతం. నేను ఉద్యోగానికి పెట్టుకున్నప్పుడు ఒక ఆఫీసులో ఒకాయన జాలిపడి, "హిందువునని ఒక్క కాగితం రాసివ్వమ్మా, నీ మార్కులకి ఇట్టే వచ్చేస్తుంది" అన్నాడు. ఇవ్వలేదు. టీచరు ఉద్యోగం ఎనిమిదేళ్ళు ఆలస్యంగా వచ్చింది.

తమ్ముణ్ణి నేనెప్పుడూ ఒక్క మాట అనలేదు. వాడి జీతంతోనే అమ్మకి మందులొచ్చాయి, నాన్నకి పాలేరుతనం తప్పింది. ఆకలి ముందు కూచోబెట్టి దేవుడా కూడా అని అడిగే చట్టానిదే సిగ్గు. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ మతంతో ముడి తీసెయ్యమంది. 2022లో కేంద్రం బాలకృష్ణన్ కమిషన్ని వేసింది. 2025లో మన హైకోర్టు, క్రైస్తవంలోకి మారి పాస్టరైన మనిషికి అట్రాసిటీ చట్టం వర్తించదంది. మతం మారితే కులం పోయిందని కాగితం అంటుంది. తిట్టేవాడు మాత్రం ఆ కాగితం చూసి తిట్టడు.

మన గుడుల సంగతీ చెప్పాలి. మాలగుడి వేరు, మాదిగగుడి వేరు. రొట్టె ఒకటే అంటాం, పిల్లనివ్వం. పేతురు యొప్పేలో చర్మకారుడైన సీమోను ఇంట్లో చాలా రోజులున్నాడని అపొస్తలుల కార్యాల్లో ఉంది. ఆ వాక్యం మీద మా పెద్దలు ప్రసంగం చెయ్యగా నేను వినలేదు. అందుకని మా స్త్రీల సమాజంలో నేనే చదివాను. ఇద్దరు లేచి వెళ్ళిపోయారు. మిగిలినవాళ్ళం తర్వాతి శుక్రవారం మాదిగపేటలో ఉపవాస ప్రార్థన పెట్టుకున్నాం, అక్కడే వండుకు తిన్నాం. ఇప్పటికీ జరుగుతోంది.

2022 మే 24న, జిల్లాకి అంబేడ్కర్ పేరు పెడుతున్నారని అమలాపురంలో మంత్రి ఇల్లు, ఎమ్మెల్యే ఇల్లు తగలబెట్టారు. ఆ ఆదివారం గుడిలో ప్రార్థన చెయ్యడానికి లేచి, అమలాపురం పేరెత్తాను, అంబేడ్కర్ పేరెత్తాను. కొత్తగా వచ్చిన అయ్యగారు కుర్రాడు. ఆమెన్ అన్నాడు. కారంచేడు నాడు వినపడని ఆమెన్, 37 ఏళ్ళకి విన్నాను.

విశ్వాసం ఎలా నిలుపుకున్నావని పిల్లలు అడుగుతారు. ఉజ్జీవ కూటాల్లో లాగ ఒక్కరాత్రిలో వచ్చింది కాదు నాది. మామ్మ బియ్యంలాగ రోజుకి గుప్పెడు. తెల్లవారుజామున ఒక అధ్యాయం చదువుతాను. ఒప్పుకోని చోట ఆగుతాను, అడుగుతాను. అడిగినదాన్ని నలుగురిలో పెడతాను. వెయ్యడానికేం లేనినాడు ఉత్త చెయ్యి పెట్టి, రేపు వేస్తానంటాను.

సంఘాల్లో పనిచేసే తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, మీ ఇంట్లో ప్రార్థన చేసుకునే అమ్మని అమాయకురాలు అనకండి. ఆవిడ దేవుణ్ణి ఏమడుగుతోందో ఒకసారి పక్కన కూచుని వినండి. గుడిలో పెద్దలారా, ఆవిడ అడిగేదానికి అడ్డం రాకండి.