చిత్రాంగి మేడ మీద పావురం

సిరిసిల్ల మరమగ్గాల చప్పుడు వెనకబడుతుంది. ఎల్లారెడ్డిపేట దాటి వీర్నపల్లి దారి పడితే ఇక గుట్టలు, అడవి, నడుమ లంబాడా తండాలు. 2016లో జిల్లా ఏర్పడినప్పుడు మండల కేంద్రమైన ఊరిది. ఇటువంటి పల్లెల్లో రాజుల అంతఃపుర రహస్యాలు ఎవరికి కావాలి అంటారా? చిందోళ్లు వచ్చి 'సారంగధర' భాగోతం ఆడుతున్నారంటే చాలు... తెలంగాణ పల్లె తెల్లవార్లూ మేలుకునేది!

కథ తెలియనివాళ్లు తక్కువే. రాజమహేంద్రవరం ఏలే రాజరాజ నరేంద్రుడి కొడుకు సారంగధరుడు. అతని పటం చూసి మనసు పారేసుకుంది చిత్రాంగి. తీరా ఆ పిల్ల అందం చూసి ముసలి రాజే ముచ్చటపడ్డాడు. కత్తికి బాసికం కట్టి పంపి, కొడుక్కి కావాల్సిన పిల్లను తన రాణిని చేసుకున్నాడు. ఓరోజు యువరాజు ఎగరేసిన పావురం వెళ్లి చిత్రాంగి మేడ మీద వాలింది. వద్దని స్నేహితుడు సుబుద్ధి మొత్తుకున్నా వినకుండా సారంగధరుడు లోపలికి వెళ్లాడు.

భాగోతానికి ప్రాణం అక్కడే ఉంది. ఆమె బతిమాలుతుంది, కవ్విస్తుంది, బెదిరిస్తుంది. అతను 'అమ్మా' అంటాడు. ఆ ఒక్క పిలుపే ఆమెను పాములా కాటేస్తుంది. ముఖానికి అర్దళం రంగు, తేలిక కర్రతో చేసిన కిరీటం, భుజకీర్తులు, వెనక మద్దెల, తాళాలు... అంతే సరంజామా. చిందులో ఆడవాళ్లూ వేషం కడతారు. బోధన్ దగ్గరి అమ్దాపూర్‌కు చెందిన చిందుల ఎల్లమ్మ మగవేషాలతోనూ మెప్పించింది. 2005లో ఆమె కన్నుమూసింది.

నిజానికి రాజరాజ నరేంద్రుడికి ఈ పాపం అంటగట్టడం అన్యాయమే. నన్నయతో భారతం రాయించిన ఆ రాజు కొడుకు రాజేంద్రుడు. 1070లో చోళ సింహాసనమెక్కి కులోత్తుంగుడయ్యాడు. కాళ్లూ చేతులూ పోగొట్టుకున్న కొడుకు చరిత్రలో లేడు. (వేములవాడ స్థలపురాణంలో ధర్మగుండంలో మునిగి పాపం పోగొట్టుకున్న రాజరాజ నరేంద్రుడు వేరు. పేరొకటే!) పదిహేనో శతాబ్దిలో గౌరన 'నవనాథ చరిత్ర'లో ఈ కథను నాథ సిద్ధుడి కథగా చెప్పాడు. అశోకుడి రాణి తిష్యరక్షిత సవతి కొడుకు కుణాలుడి కళ్లు తీయించిందన్న కథా, గ్రీకుల ఫేడ్రా కథా దీనికి అక్కచెల్లెళ్లే.

బళ్లారి నుంచి ధర్మవరం రామకృష్ణమాచార్యులు 'విషాద సారంగధర' రాసి, నాటకం ఏడుపుతో ముగియకూడదన్న పాత కట్టుబాటును తెంచేశారు. 1957 సినిమాలో సారంగధరుడు ఎన్టీఆర్, చిత్రాంగి భానుమతి. ఆవిడ కంట్లో కోపం చూశాక చిత్రాంగిని ఉత్త చెడ్డదనుకోవడం కష్టం.

ఊళ్ల మీద మిరాశీ హక్కుతో, పెట్టింది తిని, ఇచ్చిన గింజలతో బతికిన చిందు మేళాలను టీవీ మూల కూర్చోబెట్టింది. 2024లో జనగామ జిల్లా కళాకారుడు గడ్డం సమ్మయ్యకు పద్మశ్రీ ప్రకటించాక మళ్లీ నలుగురూ ఆ పేరు తలుస్తున్నారు. అయితే పట్నం వేదిక తెల్లవార్లూ ఆడనివ్వదు. గంటా, గంటన్నర అంటుంది. అలాంటప్పుడు దేనికి కత్తెర వేయాలి? కవ్వింపులు జనం అడుగుతారు, అవి ఉండాల్సిందే. కాళ్లూ చేతులూ నరికే ఘట్టం లేకపోతే కథే లేదు. సిద్ధుడొచ్చి వాటిని తిరిగి అతికించకపోతే ఇంటికి వెళ్లే జనానికి నిద్ర పట్టదు.

కత్తితో పెళ్లి ముచ్చట ఒక్కటే తీసేయడానికి సులువుగా కనిపిస్తుంది. అది పోతే మాత్రం చిత్రాంగికి జరిగిన మోసం ఎవరికీ తెలియదు. చివర్లో ఆమెకు శిక్ష పడినప్పుడు జనం చప్పట్లు కొట్టి లేస్తారు. తెల్లవార్లూ ఆడిన రోజుల్లో అయితే, ఆ పిల్ల తప్పెంత, ముసలి రాజు తప్పెంత అని లెక్కలు వేసుకోవడానికి రాత్రంతా ఉండేది.