ఆదా ఎక్కడ చేశారు?

టెక్సస్‌లో చాలా జిల్లాల్లో జింకల వేట నవంబరు మొదటి శనివారం మొదలవుతుంది. వేసవి ఎండలు తగ్గకముందే డాలస్ చుట్టుపక్కల తుపాకుల దుకాణాల్లో చవక రైఫిళ్లు గోడకి బారుగా వెలుస్తాయి. కాస్త అటూ ఇటూగా 400 డాలర్లు, 450, 500. నల్ల ప్లాస్టిక్ ఒళ్లు, నల్ల గొట్టం. కొత్తగా చూసేవాడికి అన్నీ ఒక తల్లి బిడ్డల్లాగే ఉంటాయి.

ఆ గోడ ముందు నిలబడి మా సిరిసిల్ల తమ్ముడు అన్నాడు: "అన్నా, గిది నాలుగొందలే. ఇప్పుడైతే గిది తీస్కుంట. తర్వాత మెల్లమెల్లగ ఒక్కొక్కటి మార్చుకుంట. ఏమంటవ్?"

ఈ 'మెల్లమెల్లగ' ఎక్కడికి పోతుందో నాకు తెలుసు. గోచీని ఎలుకలు కొరుకుతున్నాయని పిల్లిని, పిల్లికి పాలు కావాలని ఆవును, ఆవును చూసుకోవాలని పెళ్లాన్ని తెచ్చుకున్న సన్యాసి దారి అది. అయినా వద్దనలేదు. చవక రైఫిల్ కొని మార్చుకుంటూ పోవడంలో తప్పేమీ లేదు. కాకపోతే ఏ చవక రైఫిల్ అన్నది చూసుకోవాలి. తయారు చేసినవాడు ధర తగ్గించాడంటే ఎక్కడో ఒకచోట మిగుల్చుకున్నాడన్నమాట. ఆ మిగుల్చుకున్న చోటు మనం తర్వాత మార్చుకోగలిగినదైతే బేరం మంచిదే. మార్చలేనిదైతే ఆ 400 దండగ.

మనవాళ్లకి దుకాణం దాకా రావడమే ఒక కథ. తమ్ముడు ఉన్నది హెచ్-1బి మీద. వలసేతర వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ కొనకూడదు, దగ్గర ఉంచుకోకూడదు అని ఇక్కడి ఫెడరల్ చట్టం. దానికి ఉన్న మినహాయింపుల్లో ఒకటి, చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉండటం. టెక్సస్‌లో 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు వేటకి వెళ్లాలంటే వేట శిక్షణ కోర్సు చేయాలి. తమ్ముడు ఆ కోర్సు చేసి, లైసెన్సు తీసుకుని, అప్పుడు వచ్చాడు. గ్రీన్‌కార్డు క్యూలో ఏళ్లుగా నిలబడ్డవాడికి ఇదొక లెక్క కాదు. దుకాణంలో నింపే 4473 ఫారంలో ఈ వీసా ప్రశ్న కూడా ఉంటుంది. అక్కడ తప్పు రాస్తే చిన్న విషయం కాదు. అందుకని పత్రాలన్నీ ఫైల్లో పెట్టుకుని మరీ వచ్చాడు, అచ్చం వీసా స్టాంపింగ్‌కి వెళ్లినట్టే.

సరే, గోడ మీది సరుకు. అన్నీ బోల్ట్ యాక్షన్‌లే. దాన్ని ఇప్పటి రూపానికి తెచ్చింది జర్మనీ మౌజర్ వాళ్లు, 1898లో. పిడి పైకెత్తి వెనక్కి లాగితే కాలిన తూటా తొడుగు బయటపడుతుంది. ముందుకు తోసి కిందికి దించితే కొత్త తూటా లోపల కూర్చుని తాళం పడుతుంది. వేటగాడు జిమ్ కార్బెట్ చేతిలోని .275 రిగ్బీ రైఫిల్‌లో ఉన్నదీ ఆ మౌజర్ యాక్షనే. నూరేళ్లు దాటినా మూలసూత్రం మారలేదు కాబట్టి చవకదైనా పేలుతుంది, తగులుతుంది. తేడాలు వచ్చేది మిగతాచోట్ల.

మొదటి తేడాని ఒక డాలరు నోటుతో చూడొచ్చు. నోటుని మడిచి బ్యారెల్ (ఆ నల్ల గొట్టం) కిందుగా, స్టాక్‌కీ (ఆ ప్లాస్టిక్ ఒంటికీ) దానికీ మధ్య ఉన్న సందులోంచి లాక్కుంటూ, బోల్ట్ కదిలే రిసీవర్ దాకా పోవాలి. ఎక్కడా పట్టకుండా పోతే బ్యారెల్ దేనికీ ఆనకుండా ఉందన్నమాట. కాల్చినప్పుడు బ్యారెల్ అదురుతుంది, వేడెక్కుతుంది. అప్పుడు స్టాక్ ఒక పక్క తగిలితే గురి ఆ లెక్కన పక్కకి పోతుంది. తమ్ముడు చూపించిన ఆ నాలుగొందలది సావేజ్ కంపెనీ యాక్సిస్. దాని బ్యారెల్ కింద నోటు సాఫీగానే నడిచింది. తర్వాత తమ్ముణ్ణి స్టాక్ ముందు భాగాన్నీ బ్యారెల్‌నీ కలిపి గుప్పిట్లో పట్టి నొక్కమన్నాను. ప్లాస్టిక్ వంగి వచ్చి బ్యారెల్‌కి అంటుకుంది. "గిదేందన్నా, టిఫిన్ డబ్బా లెక్క వంగుతుంది?" అన్నాడు. కౌంటరు వెనకాయన నవ్వాడు. తెలుగు రాకపోయినా విషయం అర్థమైనట్టుంది.

అదిగో, ఆదా చేసింది అక్కడ. నాకు నచ్చే ఆదా. స్టాక్ రెండు మరలతో ఊడి వస్తుంది. దక్షిణ డకోటాలోని బాయ్డ్స్ వాళ్లు పొరలు అతికించిన చెక్కతో దీనికి సరిపోయే స్టాకులు చేస్తారు, 200 డాలర్లు అటూ ఇటూ. ఆ డబ్బు ఇవాళే పెట్టక్కర్లేదు కూడా. సంచీ మీద ఆనించి కాల్చినంత కాలం ప్లాస్టిక్‌తో గడిచిపోతుంది. ముందు భాగానికి బైపాడ్ తగిలించి దాని మీద బరువేసినప్పుడే ఆ వంపు బాధపెడుతుంది.

ఇక లోపల ఉన్నది అసలు రుచికరమైన సంగతి. 1958లో సావేజ్ వాళ్లు మోడల్ 110 తెచ్చారు. డిజైన్ చేసినాయన నికొలస్ బ్రూవర్. మామూలు పద్ధతిలో బ్యారెల్‌ని రిసీవర్‌లోకి బిగించేటప్పుడు తూటా వెనక ఉండాల్సిన సందు వెంట్రుకవాసి తేడా లేకుండా రావాలి. దాని పేరు హెడ్‌స్పేస్. ఎక్కువైతే తొడుగు చిరుగుతుంది, తక్కువైతే బోల్ట్ మూతపడదు. దాన్ని సరిచేయడానికి లేత్ మెషీనూ, చెయ్యి తిరిగిన పనివాడూ కావాలి. బ్రూవర్ బ్యారెల్ మీద ఒక నట్టు పెట్టాడు. బ్యారెల్‌ని కొలతగేజీకి తగిలేదాకా తిప్పి, నట్టు బిగిస్తే అయిపోయింది. ఫ్యాక్టరీలో మనిషి శ్రమ తగ్గించి, రైఫిల్‌ని చవకగా అమ్మడానికి వేసిన ఎత్తు అది. పెద్ద కంపెనీల అభిమానులు ఆ నట్టుని చూసి మొహం చిట్లించేవారు. తీరా చూస్తే ఇంట్లో బ్యారెల్ మార్చుకునే వీలు కల్పించింది అదే నట్టు. గేజీలూ, సరైన పట్టుడు పరికరమూ, ఓపికా ఉంటే సొంతంగా మార్చుకోవచ్చు. యాక్సిస్‌లోనూ నట్టే. పోటీగా వచ్చిన రూగర్ అమెరికన్‌లోనూ నట్టే.

రూగర్ గురించి ఒక మాట. దాని ప్లాస్టిక్ కూడా గొప్పదేం కాదు గానీ, రిసీవర్ కూర్చునే చోట ఉక్కు దిమ్మలు పోశారు. బోల్ట్ ఎత్తాల్సింది 70 డిగ్రీలే. దుర్భిణి కింద వేళ్లు ఇరుక్కోవు. ట్రిగ్గర్ బరువు సుమారు 3 నుంచి 5 పౌండ్ల మధ్య మనమే సరిచేసుకోవచ్చు. పాత యాక్సిస్‌లో ఆ వీలు లేక జనం నానా తిట్లూ తిట్టారు. యాక్సిస్ 2 లో మనమే సరిచేసుకోగలిగే సావేజ్ వాళ్ల అక్యూట్రిగ్గర్ ఉంటుంది. నన్నడిగితే మామూలు యాక్సిస్ కొని ట్రిగ్గర్‌కి మళ్లీ నూట చిల్లర పోయడం కంటే, ముందే ఆ రెండోది తీసుకోవడం మేలు. ట్రిగ్గర్ జోలికి వెళ్లినవాడు ఎవడైనా సరే, ఖాళీ తుపాకీని కాక్ చేసి స్టాక్ మడమ నేలకి తట్టి, దానంతటది విడవడం లేదని చూసుకోవాలి. రెమింగ్టన్ అంతటి కంపెనీ 2014లో మోడల్ 700 ట్రిగ్గర్లని వెనక్కి పిలవాల్సి వచ్చింది.

ఆ 700 సంగతీ తమ్ముడు అడిగాడు. 1962 నుంచి ఉన్న రైఫిల్, విడిభాగాల ప్రపంచానికి మహారాజు. కంపెనీ దివాలా తీసినా దాని కొలతలు బతికాయి. స్పెయిన్ బెర్గారా వాళ్ల బి-14 లాంటివి ఆ కొలతలకే స్టాకులూ ట్రిగ్గర్లూ పట్టేటట్టు వస్తున్నాయి. కానీ అవి 400 గోడ మీదివి కావు.

గోడ చివర జపాను హోవా 1500 ఉంది. ఆ కంపెనీ మొదలైంది 1907లో, సాకిచి టొయోడా మగ్గాల కంపెనీగా. ఇది చెప్పగానే తమ్ముడి మొహం వెలిగింది. వాళ్ల నాన్నవి సిరిసిల్లలో మరమగ్గాలు. "మగ్గాలోళ్లదా? గదే తీస్కుందాం" అన్నాడు. మంచి రైఫిలే. బ్యారెల్ బాగుంటుంది, ట్రిగ్గర్ రెండు దశల్లో మెత్తగా విడుస్తుంది. అయితే ధర మరో మెట్టు పైన. అభిమానం కొద్దీ ఆ మెట్టెక్కితే ఇంకో మెట్టు మీద ఫిన్లాండ్ టిక్కా టి3ఎక్స్ కనపడుతుంది. అది దాదాపు ఏమీ మార్చక్కర్లేని రైఫిల్. యాక్సిస్‌కి స్టాకూ, ట్రిగ్గరూ, బ్యారెలూ అన్నీ మార్చేసరికి ఖర్చు టిక్కాని దాటిపోతుంది. ఈ లెక్క తమ్ముడికి వేసి చూపించాను. వాడు చాలాసేపు ఆలోచించి, "ఒక్కసారి అన్ని పైసలు ఏడికెల్లి తేవాలె అన్నా? ఇట్లయితే కిస్తుల లెక్క పోతయి గద" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు. చాలామంది చవకది కొనేది అందుకే. పైగా నట్టు విప్పి బిగించినవాడికి తన రైఫిల్ లోపల ఏముందో తెలుస్తుంది. టిక్కా కొన్నవాడికి ఆ అవసరం రాదు.

మార్చుకోగలిగేది, మార్చలేనిది అన్న తేడాని చిత్రంగా చట్టం కూడా పాటిస్తుంది. ఇక్కడ తుపాకీ అంటే చట్టం దృష్టిలో రిసీవరే, నంబరు ఉండేది దాని మీదే. దానికే ఫారం, దానికే తనిఖీ. స్టాకూ, ట్రిగ్గరూ, బ్యారెలూ మామూలు పార్సిల్‌లో ఇంటికొస్తాయి. అదే మన దేశంలో అయితే లైసెన్సు చేతికి రావడమే గగనం. 2019 సవరణ తర్వాత మామూలు లైసెన్సుదారుకి రెండు ఆయుధాలకు మించి వీల్లేదు. ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ .315 రైఫిల్ దొరికినవాడు దాన్ని ఎలా ఉన్నది అలాగే కళ్లకద్దుకుంటాడు.

చివరికి తమ్ముడు 6.5 క్రీడ్‌మోర్ తూటా పట్టే యాక్సిస్ 2 తీసుకున్నాడు. మొదటి మార్పుగా నేను చెప్పింది తాళం పడే ఇనప పెట్టె, ఇంట్లో నాలుగేళ్ల పాప ఉంది కాబట్టి. రెండోది నాలుగు రకాల తూటాలు, ఒక్కో పెట్టె. రేంజిలో 100 గజాల దగ్గర అదే రైఫిల్, అదే సంచీ. ఒక కంపెనీ తూటాలు అరచేయంత మేర చెదిరాయి. ఇంకో కంపెనీవి మూడు కన్నాలూ ఒక పావలా బిళ్ల కింద దాచేయొచ్చు. మరలు విప్పకుండా దొరికిన మెరుగు అది. రైఫిల్‌తో వచ్చిన దుర్భిణి మాత్రం సాయంత్రం వెలుగు తగ్గగానే మసకబారింది. నిజంగా డబ్బు పెట్టాల్సింది ఆ అద్దాల మీదే అనీ, బ్యారెల్ జోలికి అది అరిగేదాకా వెళ్లొద్దనీ చెప్పాను. కావాలనుకున్న రోజున దూరం పోనక్కర్లేదు, షిలెన్ వాళ్ల బ్యారెళ్ల కార్ఖానా ఇక్కడ ఎన్నిస్ ఊళ్లోనే ఉంది అని నోరు జారాను.

మర్నాడు పొద్దున్నే ఫోను. "అన్నా, ఎన్నిస్ పోవాలంటే 45 హైవే మీదికెల్లేనా?"