పుస్తకాల పెట్టెలో చోటు

మా నాన్నగారు రైల్వే ఉద్యోగి. ఖరగ్‌పూర్‌లో ఐదేళ్ళు ఉండి, పోయిన సంవత్సరం టాటానగర్ వచ్చాం. మేమిద్దరం కవలలం, చదివేది ఒకే తరగతి. బదిలీ అయిన ప్రతిసారీ మా పుస్తకాలకు ఇంట్లో ఒకే ఒక్క అట్టపెట్టె ఇస్తారు. అందులో పట్టినవే మాతో వస్తాయి. ఈ సంగతి మీలో చాలామందికి విడమరచి చెప్పక్కర్లేదు.

పదకొండో తరగతిలో కంప్యూటర్ సైన్స్ తీసుకున్నాం. పైథాన్ భాష మాకు కొత్త. పాఠ్యపుస్తకం చాలదేమోనని ఒక ఆదివారం సాక్చి బజారులో ఒక పాత పుస్తకం కొన్నాం. 700 పేజీలు, 150 రూపాయలు. అట్ట మీద 'సంపూర్ణం' అన్న అర్థం వచ్చే మాట పెద్ద అక్షరాల్లో ఉంది. ఇంత లావు పుస్తకంలో దొరకనిది ఏముంటుంది అనుకున్నాం.

మొదటి ప్రోగ్రామే నడవలేదు. ప్రింట్ తర్వాత బ్రాకెట్లు లేవని కంప్యూటర్ తప్పు పట్టింది. అచ్చుతప్పు కాబోలని బ్రాకెట్లు మేమే పెట్టుకొని ముందుకు పోయాం. అక్కడ ఆగి ఆలోచించాల్సింది. తర్వాత క్లాసు టెస్టులో 7/2 విలువ ఎంత అని అడిగితే ఇద్దరం 3 అని రాశాం. పుస్తకంలో అలాగే ఉంది మరి! సరైన జవాబు 3.5. ఇద్దరిదీ ఒకే తప్పు కావడంతో "ఎవరిది చూసి ఎవరు రాశారు?" అని తోటివాళ్ళు నవ్వారు. మార్కులు పోయినదాని కంటే ఆ మాటే ఎక్కువ గుచ్చుకుంది. మేము కాపీ కొట్టలేదు. ఒకే పుస్తకాన్ని నమ్మాం, అంతే.

శనివారం సాయంత్రం బిష్టుపూర్ రామమందిరంలో ఒక తాతగారు కనిపిస్తుంటారు. ఉక్కు కర్మాగారంలో పనిచేసి రిటైరయ్యారు. ఆయనకు పైథాన్ తెలియదు. మా గోడు విని, "అట్ట మీద రాసింది చూసి కొన్నార్రా? కరిగిన ఉక్కులోంచి కాస్త నమూనా తీసి ల్యాబుకి పంపేవాళ్ళం. అది సరిగ్గా ఉందని కబురు వచ్చాకే మిగతా పని. మీరు నమూనా తీశారా?" అన్నారు.

ఇంటికొచ్చి నమూనా తీశాం. జవాబు మాకు ముందే తెలిసిన ప్రశ్నలు రాసుకొని, పుస్తకం ఏమంటుందో చూశాం. ఉదాహరణకు 2.5 ని రౌండ్ చేస్తే 3 వస్తుందని అందరం అనుకుంటాం. బడి కంప్యూటర్‌లోని పైథాన్ 3లో వచ్చేది 2. సరిగ్గా రెండు అంకెల మధ్యలో ఉంటే అది సరిసంఖ్య వైపు మొగ్గుతుంది. మా పుస్తకం 3.0 అంది. ముందుమాట మొదటి నుంచి చివరి దాకా చదివితే గానీ గుట్టు తెలియలేదు. ఆ పుస్తకం రాసింది పైథాన్ 2 గురించి. పైథాన్ 3 వచ్చింది 2008 డిసెంబరులో. పాతదానికి మద్దతు 2020 జనవరి 1తో ఆగిపోయింది. అంటే పుస్తకంలో ఉన్నవి అబద్ధాలేమీ కావు, ఒకప్పుడు అన్నీ నిజాలే. ఆ మాట ముందుమాటలో మూడో పేజీలో ఎక్కడో ఉంది. ఎవరు చదువుతారు?

మా లైబ్రరీలో కెర్నిఘన్, రిచీ రాసిన సి భాష పుస్తకం ఉంది. మొదటి కూర్పు 1978లో వచ్చింది, మేము చూసింది 1988 నాటి రెండో కూర్పు. 300 పేజీలు కూడా లేవు. ఏ రకం సి గురించి రాశారో అట్ట మీదే ఉంది. ముందు నేర్పే అధ్యాయాలు, వెనక అనుబంధంగా విడిగా నియమాలు. నేర్చుకోవడానికి ఒక చోటు, వెతుక్కోవడానికి ఇంకో చోటు. మా లావు పుస్తకంలో ఈ రెండూ కిచిడీ అయిపోయాయి.

వెనకున్న సూచిక గురించి కూడా చెప్పాలి. 'డివిజన్' అని వెతికితే దొరకలేదు. అది 'ఆపరేటర్లు' కింద ఉంది! ఆపరేటర్ అన్న మాట తెలిసినవాడికి భాగహారం కోసం సూచిక ఎందుకు? అమ్మ దగ్గరున్న తెలుగు నిఘంటువుతోనూ చిన్నప్పుడు ఇలాగే తిప్పలు పడ్డాం. 'వెళ్ళాడు' కోసం వెతికితే ఉండదు, 'వెళ్ళు' దగ్గర చూడాలి. అయితే ఆ సంగతి చెప్పడానికి పక్కన అమ్మ ఉండేది. కొత్త ఊళ్ళో, ఇంకా స్నేహితులు కుదరని నెలల్లో, పుస్తకమే అమ్మ పని కూడా చేయాలి.

ఈ మార్చిలో మళ్ళీ ఉత్తర్వు వచ్చింది, ఆద్రాకు. అట్టపెట్టె తెరిచాం. లావు పుస్తకానికి చోటు లేదని ఇద్దరికీ తెలుసు. సాక్చిలోనే తిరిగి అమ్మితే 80 రూపాయలైనా వస్తాయని ఒకరం. అమ్మితే మనలాంటివాళ్ళే ఇంకెవరో కొంటారని ఇంకొకరం. రాత్రి భోజనాల దాకా తగవు తేలలేదు. అందులోని ఉదాహరణలు మంచివే, పడేయడానికి మనసొప్పలేదు.

చివరికి అట్ట మీద, ఆ 'సంపూర్ణం' పక్కనే, నల్ల మార్కరుతో హిందీలోనూ ఇంగ్లీషులోనూ రాశాం: "ఇది పైథాన్ 2. ఇందులో 7/2 అంటే 3. మీ కంప్యూటర్‌లో 3.5 వస్తే తప్పు మీది కాదు." కింద మా పేర్లు రాయలేదు. మర్నాడు పక్క క్వార్టర్‌లోని పదో తరగతి అబ్బాయికి ఊరికే ఇచ్చేశాం.